స్టూడెంట్ బడ్జెట్‌లో స్టైల్: భుజం చూడు, బట్ట తిప్పు!

కేయూ అయినా, నిట్ అయినా, హనుమకొండలో రూమ్ తీసుకుని చదివే మన తమ్ముళ్లు అడిగేది ఒక్కటే: "అన్నా, నెలాఖరుకి జేబులో 500 కూడా ఉండవు. స్టైల్‌గా ఎట్లా కనిపించాలి?"

ఫస్ట్ పాయింట్. షర్ట్ కొనేటప్పుడు బ్రాండ్ కాదు, భుజం చూడండి. కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. నడుము లూజైనా, పొడవు ఎక్కువైనా టైలర్ తక్కువలో సరిచేస్తాడు. భుజం మార్చడం మాత్రం పెద్ద పని. ఇంట్లో మూలన పడున్న పాత షర్టులకీ ఇదే సూత్రం.

రెండోది లెక్క. 4 షర్టులు, 2 ప్యాంట్లు అంటే 8 జతలు. అందుకే ప్యాంట్లు నేవీ బ్లూ, గ్రే లాంటి రంగుల్లో తీసుకోండి, దేనికైనా మ్యాచ్ అవుతాయి.

మూడోది బట్ట. వరంగల్ ఎండలకు పాలిస్టర్ కంటే కాటన్ హాయి. ఒక్క పోచంపల్లి ఇక్కత్ షర్ట్ ఉంటే ఫ్రెషర్స్ పార్టీకీ, పెళ్లికీ అదే చాలు. కానీ ఇక్కత్ పేరుతో ప్రింట్ కూడా అమ్ముతారు, జాగ్రత్త! బట్ట తిప్పి చూడండి. ఇక్కత్‌లో నేయకముందే నూలుకి రంగులద్దుతారు కాబట్టి డిజైన్ రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ప్రింట్ అయితే వెనకవైపు చాలావరకు వెలిసినట్టు ఉంటుంది.

లాస్ట్, అసలు మాట. బట్టల కోసం పే లేటర్ యాప్‌ల జోలికి పోకండి. డేట్ దాటితే లేట్ ఫీజు పడుతుంది, ఆ బాకీ మీ క్రెడిట్ రిపోర్ట్‌లోకీ ఎక్కొచ్చు. రేపు జాబ్ వచ్చి బైక్ లోన్‌కి వెళ్తే బ్యాంకోళ్లు చూసేది మీ షర్ట్ కాదు, ఆ రిపోర్టే. అప్పు లేని షర్టే అసలు స్టైల్!