చెమట ఆరితేనే చల్లదనం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



ఇంత చక్కటి పాటలు, ఆటల మధ్య సైన్సు పాఠం ఏమిటని అనుకోకండి. యువతకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పమని పెద్దలు అడిగారు. మా హాస్టల్లో ఏటా పదో తరగతి అయ్యాక కొందరు పిల్లలు "సైన్సు మనవాళ్లకు రాదు మేడం" అంటూ ఉంటారు. ఆ మాట తప్పని చెప్పడానికే ఈ రోజు మేము నిలబడ్డాం.

కృష్ణా డెల్టాలో మన యానాది తాతలు వరిచేలల్లో ఎలుకలు పట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. కుండలో గడ్డి కూరి నిప్పు రాజేస్తారు. కుండ మూతిని కలుగుకు ఆనించి, అడుగునున్న బెజ్జంలోంచి ఊదుతారు. ఎక్కువ ఊదితే గడ్డి భగ్గున మండిపోతుంది, తక్కువ ఊదితే ఆరిపోతుంది. పొగ రావాలంటే ఎంత గాలి అందాలో తాతకు తెలుసు. మండడానికి ఆక్సిజన్ కావాలని, వాయువు దొరికిన చోటంతా వ్యాపిస్తుందని మీ పుస్తకంలో రాసి ఉన్నది ఈ సంగతే.

ఇబ్రహీంపట్నంలో 1979లో మొదలైన థర్మల్ విద్యుత్ కేంద్రానిదీ ఇదే కథ. బొగ్గులో దాగిన రసాయన శక్తి మండినప్పుడు వేడి అవుతుంది. ఆ వేడికి నీరు ఆవిరవుతుంది. ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతుంది, కరెంటు పుడుతుంది. శక్తి కొత్తగా పుట్టలేదు, వేషం మార్చుకుంది, అంతే. అయితే బొగ్గులోని శక్తిలో సగానికి పైగా కరెంటుగా మారకుండా వేడిగానే నీటిలోకి, గాలిలోకి పోతుంది. అందుకే అనవసరంగా తిరిగే ఫ్యాను కట్టేయమని మేము రోజూ మీ వెంటపడేది.

వేడి, ఉష్ణోగ్రత ఒకటి కాదు. గ్లాసుడు మరిగే టీ కంటే గంగాళం నిండా ఉన్న గోరువెచ్చని నీళ్లలో దాగిన వేడే ఎక్కువ. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కిలోకేలరీలు చాలు. మరిగే ఆ నీటినంతా ఆవిరి చేయాలంటే మరో 540 కావాలి. ఆవిరయ్యే నీరు అంత వేడినీ చుట్టుపక్కల నుంచే లాక్కుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది అందుకే. మన ఒంటి మీద చెమట చేసే పనీ అదే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. చెమట పడితే చాలదు, అది ఆరాలి. అనంతపురం పొడిగాలిలో చెమట త్వరగా ఆరుతుంది. సముద్రం దగ్గరున్న మన డెల్టాలో గాలి నిండా తేమ. చెమట ఆరక బొట్లు బొట్లుగా కారిపోతుంది. కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు, ఒంట్లో నీటిని, ఉప్పును మాత్రం తీసుకుపోతుంది. విజయవాడలో ఉక్కపోత ప్రాణం తీస్తుందని ఊరికే అనలేదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండలో పనిచేస్తే గాని పూట గడవనివాళ్లు వారిలో ఎందరో.

మా హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వేసవి సెలవులకు తల్లిదండ్రులు పనిచేసే ఇటుక బట్టీకి వెళ్లింది. మిట్టమధ్యాహ్నం వాళ్లమ్మ మాట తడబడి కుప్పకూలింది. జనం చుట్టూ మూగారు. ఎవరో నోట్లో నీళ్లు పోయబోయారు. ఈ పిల్ల అడ్డుపడింది. "స్పృహ లేదు, పోయకండి. పక్కకు జరగండి, గాలి రానివ్వండి" అని అరిచింది. తల్లిని నీడకు చేర్పించి, ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ, అట్టముక్కతో విసురుతూ ఉంది. ఇంకొకరు 108కి ఫోన్ చేశారు. ఆ తల్లి బతికింది.

సెలవులయ్యాక ఆ పిల్లను అడిగాం, "భయం వేయలేదా అమ్మా?" అని. "వేసింది మేడం. కానీ తడి ఆరితేనే చల్లబడుతుందని, ఆరాలంటే గాలి ఆడాలని మీరు చెప్పారుగా" అంది. అంతకుముందు ఏడాది ఇదే పాఠంలో ఆ పిల్లకు 50కి 11 మార్కులు వచ్చాయి. మార్కులు చూసి మేమూ ఆ పిల్లను తక్కువ అంచనా వేశాం. ఆ తప్పు మాది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వేసవికి మీరు కూడా బట్టీలకు, చేలకు, చెరువులకు వెళ్తారు. పని పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపమని మీ అమ్మానాన్నల తరఫున మేస్త్రీని మీరే అడగండి. ఉప్పు కలిపిన మజ్జిగ దగ్గర పెట్టుకోండి. ఎందుకని అడిగితే కారణం చెప్పండి. కారణం చెప్పగలిగిన రోజున సైన్సు మీదే అవుతుంది.

ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలని ఎవరైనా అడిగితే, "మనకు రాదు" అనే మాట మాత్రం ఇక మా హాస్టల్ గడప దాటి రాకూడదు. సెలవు.