నాన్నకు చెప్పాలా, వద్దా?

"డాక్టరుగారూ, క్యాన్సరని నాన్నకు చెప్పకండి, తట్టుకోలేరు." గది బయట నన్ను ఆపి ఇలా బతిమాలే కొడుకులు, కూతుళ్లు ఎందరో. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ నేను ఒప్పుకోలేను.

2013 అక్టోబరులో సినీనటులు అక్కినేని నాగేశ్వరరావుగారు విలేకరులను పిలిచి, తనకు పేగు క్యాన్సర్ వచ్చిందని తన నోటితోనే చెప్పారు. రూపమే బతుకుతెరువైన జూబ్లీహిల్స్, ఫిలింనగర్ లోకంలో ఆ మాట అనడానికి ఎంత గుండెదిటవు కావాలి! 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆఖరి చిత్రం 'మనం' ఆ మేలో విడుదలైంది. నిజం తెలిసిన మనిషి తన రోజులను తానే తీర్చిదిద్దుకుంటాడు. దాచిపెడితే ఆ హక్కు మనం లాక్కున్నట్టే.

ఇక పేగు క్యాన్సర్ సంగతి. మలంలో రక్తం కనబడగానే మొలలేనని సరిపెట్టుకోకండి. వారాల తరబడి విరేచనం తీరు మారినా, ఊరికే బరువు తగ్గినా, రక్తం తక్కువైనా చూపించుకోండి. పేగు లోపల కెమెరాతో చూసే కొలనోస్కోపీకి భయపడొద్దు, సాధారణంగా నొప్పి తెలియకుండా మత్తిచ్చి చేస్తారు. పేగులో పాలిప్స్ అనే చిన్న బుడిపెలుంటే చాలావరకు అప్పుడే తీసేస్తారు, క్యాన్సర్‌గా మారకముందే. అమ్మానాన్నలకో, తోబుట్టువులకో ఈ జబ్బుంటే నలభై ఏళ్లకే, వాళ్లకు చిన్న వయసులో వచ్చి ఉంటే ఇంకా ముందే, పరీక్ష గురించి మీ డాక్టరును అడగండి.