మూత్రాశయ వ్యాధి, నాడీ ప్రేరణ చికిత్స, మన మౌనం



నేడు మేము ప్రస్తావించదలచిన విషయం సభలలో సాధారణంగా వినిపించేది కాదు. మూత్రాన్ని ఆపుకోలేకపోవడం, గడియకొకసారి పోవలసి రావడం, కడుపు ఉబ్బినా రాకపోవడం వంటి బాధలను మనవారు ఏళ్ల తరబడి దాచుకొంటున్నారు. వృద్ధులు మస్జిదుకు రావడం మానివేస్తారు. అడిగితే మోకాళ్ల నొప్పులంటారు. స్త్రీలు పెళ్లిళ్లకు వెళ్లరు, బస్సు ఎక్కరు, దాహమైనా నీళ్లు తాగరు. నీళ్లు మానితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుందని వారికి చెప్పినవారు లేరు.

వీటన్నిటికీ మించినది తహారత్ దిగులు. చుక్కలు పడుతుంటే నమాజు చెల్లదేమోనని నమాజునే వదలుకొన్నవారిని మేము బస్తీలలో చూచినాము. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం, ఒక నమాజు వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ నెరవేర్చుకొనేంత విరామమైనా దొరకని వ్యక్తి మాజూర్. అట్టివారు ప్రతి నమాజు వేళకు కొత్తగా వుజూ చేసుకొని, చుక్కలు పడుతున్నా నమాజు చేయవచ్చు. ఎడతెగని రక్తస్రావంతో బాధపడిన ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) గారికి ప్రతి నమాజుకు వుజూ చేసుకోమని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి బుఖారీ గ్రంథంలో ఉన్నది. ఈ మస్అలా జుమా ప్రసంగాలలో ఎందుకు రాదో ఇమాము సాహెబులు ఆలోచించాలని మా మనవి.

ఇక చికిత్స విషయం. మొదట మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష, పురుషులకైతే ప్రోస్టేట్ పరీక్ష చేయించాలి. చాయ్ తగ్గించడం, వేళ పాటించి మూత్రానికి వెళ్లడం, కటి కండరాల వ్యాయామం, మాత్రలు - చాలామందికి ఇవే చాలును. ఇవి పనిచేయనివారికి నాడీ ప్రేరణ ఉన్నది.

మూత్రాశయం నిండినదన్న వార్త నాడుల ద్వారా వెన్నుపాముకు, అక్కడి నుండి మెదడుకు చేరుతుంది; ఆపుమనో విడువుమనో ఆజ్ఞ తిరిగి వస్తుంది. ఈ రాకపోకలు తప్పినప్పుడు స్వల్ప విద్యుత్తుతో వాటిని దారికి తేవడమే ఈ చికిత్స. ఒక పద్ధతిలో చీలమండ లోపలి వైపు, ఎముకకు సుమారు మూడు వేళ్ల పైన సన్నని సూది గుచ్చి 30 నిమిషాలు విద్యుత్తు పంపుతారు. వారానికొకసారి, 12 వారాలు. కాలికీ మూత్రాశయానికీ ఏమి సంబంధమని నవ్వేవారున్నారు. ఆ కాలి నాడి మూలాలు, మూత్రాశయ నాడుల మూలాలు వెన్నుపాములో ఒకే చోటివి. గుణం నిలవాలంటే తరువాత కూడా అప్పుడప్పుడు చేయించుకోవాలి.

రెండవది శస్త్రచికిత్స. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టనాగో, ష్మిత్ అనే వైద్యులు రూపుదిద్దిన ఈ విధానానికి అమెరికాలో 1997లో అనుమతి లభించింది. త్రికాస్థిలోని మూడవ నాడి చెంత సన్నని తీగ ఉంచి, కొన్నాళ్లు బయటి యంత్రంతో పరీక్షిస్తారు. బాధ సగమైనా తగ్గితేనే పిరుదు పైభాగంలో చర్మం కింద చిన్న యంత్రం అమరుస్తారు. అది చర్మం లోపల ఉండేది గనుక వుజూకు, గుస్ల్‌కు అడ్డు కాదు. పరీక్షా కాలంలో కట్టు తడవరాదు. కట్టుపై మసహ్ గురించి ఆలిముల నడగాలి. రాయి వల్లనో ప్రోస్టేట్ వాపు వల్లనో దారి మూసుకుపోయిన వారికి ఇది మందు కాదు. తీగ జరగవచ్చు, చీము పట్టవచ్చు, బ్యాటరీ అయిపోతే మళ్లీ మార్చాలి. పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు ముందే వైద్యునికి చెప్పాలి.

ఖర్చు పెద్దది. రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబం యంత్రం కొనలేదు. కనుక ఇది హక్కుల ప్రశ్న కూడా. మన జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మూత్రవ్యాధుల నిపుణులున్నారా, మహిళా వైద్యురాలు ఏ రోజున దొరుకుతారు, ఉర్దూ మాత్రమే వచ్చిన స్త్రీకి మాట చెప్పి అర్థం చేయించేవారెవరు, ఈ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య పథకపు జాబితాలో ఉన్నదా - ఈ నాలుగూ కాగితం మీద అడుగుదాము. దశాబ్దాలు ఫైళ్ల మధ్య గడిపినవారము గనుక చెబుతున్నాము: నోటి మాటకు ఇన్‌వార్డు నంబరు పడదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం 30 రోజులలో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు.

దరఖాస్తు నమూనాలు తెలుగులోను, ఉర్దూలోను సిద్ధం చేసి తెచ్చినాము. ద్వారం దగ్గరి బల్లపై ఉన్నవి. సోదరీమణుల వైపు కూడా కొన్ని పంపినాము. పేరు వ్రాయుటకు మొహమాటపడేవారి తరఫున కుటుంబంలోని ఎవరైనా సంతకం చేయవచ్చు.