అమ్మిన నాణెం వాపసు వస్తే
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళల్లో పాత సందుగలు వెదికితే రెండో మూడో చార్మినార్ రూపాయలు దొరుకుతాయి. నానీ దాచినవి కొన్ని, పెళ్ళిళ్ళలో వచ్చినవి కొన్ని. వెనకటికి అవసరం పడితే వాటిని సరాఫా కొట్టుకు తీసుకెళ్ళి వెండి ధరకు అమ్మేవాళ్ళం. ఇప్పుడు మన కుర్రాళ్ళు ఫోనులో ఫోటో తీసి ఆన్‌లైన్ వేలంలో పెడుతున్నారు. వెండికంటే మంచి ధర పలుకుతున్న మాట నిజమే. కాని అమ్మిన నాణెం పదిహేను రోజులకు పార్సిలులో తిరిగి వస్తే ఏం చేయాలన్నది చాలామందికి తెలియదు. ఆ సంగతే మనవి చేయదలచాం. మేం చేసిన తప్పుతోనే మొదలుపెడతాం.

మా ఇంట్లో ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు రూపాయి ఒకటి నల్లబడి ఉండేది. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసిన రోజులు. చింతపండుతో తోమాం. తళతళా మెరిసింది. ఫోటో తీసి "వాడని నాణెం" అని రాసి వేలంలో పెట్టాం. మేం అనుకున్నదానికి మూడు రెట్లు పలికింది. డబ్బు వచ్చిన రోజే ఫీజు కట్టేశాం. తొమ్మిదో రోజున కొన్నాయన దగ్గర్నుంచి ఉత్తరం: తోమిన గీతలు భూతద్దంలో కనబడుతున్నాయి, వాపసు తీసుకోండి అని. నాణేల లోకంలో ఆ నల్లని పొరే విలువ. దాన్ని తీసేస్తే ధర సగమో పావో అవుతుంది. మాకు నిజంగానే తెలియదు. అయినా నాలుగు రోజులు ఆయనతో వాదించాం. చివరికి ఈ సంఘంలోనే కర్జె హసనా తీసుకుని డబ్బు తిరిగి ఇచ్చాం. ఆ అప్పు తీరడానికి ఏడు నెలలు పట్టింది.

వాదించినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాం. ఎందుకంటే ఈ విషయం మన ఫిఖహ్‌లో కొత్తది కాదు. చూడకుండా కొన్న సరుకును చూశాక వద్దనే హక్కు హనఫీ ఫిఖహ్‌లో ఉంది. దాన్ని ఖియారె రూయత్ అంటారు. చెప్పని లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు ఖియారె ఐబ్. కొని పశ్చాత్తాపపడినవాడి సరుకును వెనక్కి తీసుకున్నవారి తప్పులు మన్నించబడతాయన్న భావం గల హదీసు అబూదావూద్ సంకలనంలో ఉంది. దేశ చట్టమూ అదే దారిలో ఉంది. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం, సరుకు నకిలీదైనా, లోపంతో ఉన్నా, చెప్పినట్టు లేకపోయినా అమ్మినవారు వాపసు తీసుకోనని అనడానికి వీల్లేదు. "అమ్మిన సరుకు వాపసు లేదు" అని అట్ట మీద రాసుకుంటే చెల్లదన్నమాట.

అలాగని వచ్చినదల్లా కళ్ళు మూసుకుని తీసుకోమని మేం చెప్పడం లేదు. ఒకసారి ఒకాయన చార్మినార్ రూపాయి తిప్పి పంపాడు. బరువు అర గ్రాము తక్కువ, ఇది నకిలీ అన్నాడు. ఆయన ఇంగ్లీషువాళ్ళ రూపాయి బరువు 11.66 గ్రాములతో పోల్చుకున్నాడు. మన నిజాం రూపాయి బరువు 11.18 గ్రాములే. వెండి వెయ్యికి 818 పాళ్ళు. ఇంగ్లీషు రూపాయిలో 1939 దాకా 917 పాళ్ళు ఉండేది. ఇదంతా వేలంలో ముందే రాసి ఉంటే ఆయనకు అనుమానమే వచ్చేది కాదు. అప్పట్నుంచీ తక్కెడ మీద పెట్టిన నాణెం ఫోటో కూడా పెడుతున్నాం.

ఇంకోసారి తిరిగి వచ్చిన నాణెం మాది కానే కాదు. మేం పంపినదానికి మీనారు పక్కన అంచు మీద చిన్న నొక్కు ఉంది. వచ్చినదానికి లేదు. పార్సిలు విప్పుతున్నంతసేపూ మా అబ్బాయి ఫోనులో వీడియో తీశాడు కనుక బతికిపోయాం. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి పంపాం. పదకొండు రోజులకు మా నాణెం మాకు వచ్చింది. పొరపాటున మారిందని ఆయన రాశాడు. మేమూ అలాగే అనుకున్నాం.

ఇక కొన్నవారే తోమి పాడుచేసి పంపితే? దీనికీ ఫిఖహ్‌లో జవాబు ఉంది. కొన్నవాడి చేతిలో కొత్త లోపం ఏర్పడితే, అమ్మినవాడు ఒప్పుకుంటే తప్ప సరుకు తిరిగి ఇవ్వడానికి లేదు. పాత లోపం ఉంటే దాని మేరకు ధర తగ్గింపు అడగవచ్చు. అందుకే మేం నాణేన్ని అట్ట చట్రంలో పెట్టి అంచు మీద సంతకం చేసిన కాగితం అంటిస్తున్నాం. ఎన్‌జిసి, పిసిజిఎస్ డబ్బాల్లో ఉన్న నాణేలకైతే డబ్బా పగలగొడితే వాపసు లేదని రాస్తున్నాం. కాని డబ్బాలో ఉన్నదే నకిలీ అని తేలితే ఆ షరతు పట్టుకుని తప్పించుకోకూడదు.

వాపసు గడువు ఎన్ని రోజులు, తిరుగు తపాలా ఖర్చు ఎవరిది, డబ్బు ఎన్నాళ్ళకు ఇస్తాం, ఈ మూడూ వేలం మొదలుకాకముందే రాయాలి. తప్పు మనదైతే తపాలా ఖర్చు మనదే. గడువు ముగిసేదాకా ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. ఇది మాకు ఏడు నెలల అప్పు నేర్పిన మాట. వాపసు వచ్చిన నాణేన్ని రెండో పాటగాడికి ఇవ్వజూపవచ్చు. అయితే ఎందుకు తిరిగి వచ్చిందో అతనికి చెప్పాలి. మళ్ళీ వేలంలో పెడితే ధర సాధారణంగా తగ్గుతుంది. దానికి సిద్ధపడాలి.

విదేశాల నుంచి పాట వచ్చిందని మురిసిపోకండి. 1972 చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువే, దేశం దాటించకూడదు. మన నాణేల మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. 1343 అని ఉంటే అది 1924-25 అని లెక్క కట్టుకోవాలి. మొన్న ఒక కుర్రాడు 1343 చూసి ఆరువందల ఏళ్ళ నాణెం అని రాసిపెట్టాడు! అదీ వాపసే వచ్చింది.

వాపసు షరతుల నమూనా కాగితం ఒకటి తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించి కార్యదర్శిగారికి ఇచ్చాం. కావలసినవారు ఆదివారం అసర్ తర్వాత వచ్చి తీసుకోవచ్చు. భూతద్దమూ, చిన్న తక్కెడా కార్యాలయంలో ఉంచాం. మీ నాణేలు పట్టుకు రండి, తోమకుండా.