పేగులలోని సూక్ష్మజీవులు – మానని కడుపుబాధ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



25 సంవత్సరములుగా ఈ గ్రామమునకు విజ్ఞానదానము చేయుచున్న గ్రంథాలయ రజతోత్సవమున వైద్యవిషయము నొకదానిని గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరినారు. పేరుగాంచిన పెద్దరోగములను విడిచి, నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడునట్టి కడుపుబాధను గూర్చి మనవి చేయదలచితిని.

కొందరికి ఏండ్లతరబడి భోజనము కాగానే పొట్ట ఉబ్బును. మెలిపెట్టినట్లు నొప్పి వచ్చును. ఒకనాడు విరేచనములు, మరియొకనాడు మలబద్ధము. ప్రయాణమన్న భయము; పెండ్లి పంక్తిలో కూర్చుండుటయన్న భయము. పరీక్షలన్నియు బాగుగనే యుండును. దీనినే వైద్యులు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అందురు. ఇట్టి బాధతో వచ్చిన ఒక రైతుతో "నీకు రోగమేమియు లేదు, దిగులు మానుము" అని నేనే ఒకప్పుడు చెప్పి పంపితిని. "దిగులువలన నొప్పి కాదు బాబుగారూ, నొప్పివలననే దిగులు" అని అతడు వెడలిపోయినాడు. ఆ మాట నన్ను నేటికిని వదలలేదు.

మన చిన్నపేగు సుమారు 6 మీటర్ల పొడవుండును. ఆహారము జీర్ణమై రక్తములో కలియుట ముఖ్యముగా ఇచ్చటనే. పెద్దపేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముండును. అచ్చట నవి చాలవరకు మనకు మిత్రులే. చిన్నపేగు పైభాగమున మాత్రము బహు స్వల్పము. ఏలనన, జఠరామ్లము చాలవానిని చంపును. కడుపు ఖాళీగా నున్నపుడు గంటన్నరకో రెండుగంటలకో ఒకసారి పేగులలో ఒక అల బయలుదేరి, మిగిలిన పదార్థమును చీపురుతో ఊడ్చినట్లు క్రిందికి నెట్టును. రెండు పేగులు కలియుచోట నున్న కవాటము వెనుకకు రాకుండ అడ్డగించును. ఈ కాపుదల సడలినచో సూక్ష్మజీవులు చిన్నపేగులో పెరిగి, మనము తిన్నదానిని మనకంటె ముందే పులియబెట్టును. అంతట వాయువు పుట్టి పొట్ట ఉబ్బును.

దీనిని కనుగొనుటకు ఊపిరి పరీక్ష కలదు. సూక్ష్మజీవులు పుట్టించిన హైడ్రోజన్ రక్తములో కలిసి ఊపిరితో వెలువడును. లాక్టులోజ్ అను అరగని చక్కెరను త్రాగించి, ఆ వాయువు ఎంత త్వరగా పెరుగునో కొలుతురు. 2000లో లాస్ ఏంజిలిస్ నగరమున మార్క్ పిమెంటెల్ ప్రభృతులు 202 మంది రోగులను పరీక్షింపగా 157 మందికి ఈ లక్షణము కనబడినది. కారణము దొరికినదని పలువురు సంతోషించిరి.

కాని శాస్త్రము తొందరపడరాదు. 2007లో స్వీడన్ వైద్యులు చిన్నపేగులోని రసమును తీసి, సూక్ష్మజీవులను పెంచి లెక్కింపగా, పాత కొలమానము ప్రకారము రోగులలోను ఆరోగ్యవంతులలోను నూటికి నలుగురికే అధికముగా నున్నట్లు తేలినది. కొలమానము తగ్గించి చూడగా రోగులలోనే ఎక్కువమంది కనబడిరి. లాక్టులోజ్ కొందరిలో త్వరగా పెద్దపేగును చేరి, పరీక్షను తప్పుదారి పట్టించునని 2011లో కెనడా వైద్యులు చూపిరి. కాబట్టి ఈ పెరుగుదల కొందరి బాధకు కారణము కావచ్చును. అందరికిని అదియే కారణమనుట తగదు.

ఔషధము సంగతియు నిట్టిదే. రిఫాక్సిమిన్ అను మందును మలబద్ధము లేని రోగులకు 14 దినములిచ్చి చూచిన ఫలితములు 2011లో వెలువడినవి. మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 41 మందికి, ఉత్తుత్తి మాత్ర మ్రింగినవారిలో 32 మందికి ఉపశమనము కలిగినది. మేలున్నమాట నిజమే, అది సర్వరోగనివారిణి మాత్రము కాదు. బాధ మరల వచ్చుటయు కలదు.

కావున నా విన్నపములు రెండు. కడుపు ఉబ్బినదని దుకాణములో యాంటీబయాటిక్ మాత్రలు కొని మ్రింగకుడు. మలములో రక్తము, బరువు తగ్గుట, జ్వరము, రక్తహీనత, నిద్రలేపు విరేచనములు కనబడినచో, లేక 50 ఏండ్లు దాటినపిమ్మట బాధ క్రొత్తగా వచ్చినచో, జాగుచేయక వైద్యుని చూడుడు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, పాలు కొందరికి వాయువును పెంచును. వైద్యుని సలహాతో వానిని కొన్ని వారములు తగ్గించి, పిదప ఒక్కొక్కటిగా చేర్చి, పడనిదేదో తెలిసికొనవచ్చును.

ఇంటిలో ఎవరైన ఈ బాధ చెప్పుకొన్నచో "అంతయు నీ మనస్సులోనే యున్నది" అని త్రోసివేయకుడు. నేను చేసిన పొరపాటు మీరు చేయవలదు. ఇట్టి విషయములు నలుగురు చదివి తెలిసికొనుటకే గ్రంథాలయము. ఇది స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.