ఎలుకల రాత్రి సంచారమును గణించు పరారుణ నేత్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



రావులపాలెము వాసులకు ఎలుకను గూర్చి క్రొత్తగా చెప్పవలసిన దేమియు లేదు. కొబ్బరిచెట్టు మొవ్వులో కాపురముండి లేతబొండములకు కన్నము వేయునది, అరటిగెలను బేరగానికంటె ముందుగా రుచి చూచునది, గాదె క్రింద సంసారమును పెంచునది అదియే. అయినను దానిని కన్నులార చూచినవారికంటె దాని చప్పుడు విన్నవారే యెక్కువ. దీప మార్పిన పిమ్మట అటకమీద పరుగులు వినవచ్చును. లేచి దీపము వెలిగించి నిచ్చెన వేయుసరికి అంతయు నిశ్శబ్దము. చూడవచ్చినవాని రాకయే చూడదలచిన దానిని మాయము చేయుచున్నది. ఈ చిక్కు గృహస్థునకే గాక, ప్రయోగశాలలో ఎలుకలను పెంచి మందులను పరీక్షించు శాస్త్రజ్ఞునకును కలదు.

ఆ ఎలుకలతో ఈ సీమకు పని యేమని యెవరైన అడుగవచ్చును. బోదకాలు కోనసీమకు పాతచుట్టము. ఆ వ్యాధి క్రిముల పిల్లలు పగలెల్ల లోపలి నాళములలో దాగి, రాత్రివేళ మాత్రమే పైరక్తములోనికి వచ్చును. అందుచేతనే ఆరోగ్యశాఖవారు పొద్దుపోయిన తరువాత ఇంటింటికి వచ్చి, నిద్రమత్తులో నున్నవారిని లేపి, వ్రేలినుండి నెత్తుటిచుక్కను గ్రహించుట. విసుగుకొన్నవారు ఈ సభలోనే యుందురు! ఆ క్రిములను చంపు డైఇథైల్ కార్బమజైన్ అను మందును అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో 1947లో వెలువరించిన బృందమునకు పెద్ద, వసిష్ఠకు ఆవల భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1948లోనే కన్నుమూసెను. 2004 నుండి మన దేశమున విరివిగా పంచిపెట్టిన మాత్ర అదియే. మనుష్యుని నోటికి రాకపూర్వము ఆ మందు పత్తి ఎలుకలను అమెరికా జాతి మూషికముల యందును, కుక్కల యందును పరీక్షింపబడెను. కాబట్టి ఈ ఊరికిని ఆ ఎలుకలకును ఋణానుబంధము కలదు.

మందిచ్చిన ఎలుక బాగుగా నున్నదో లేదో తెలియుట యెట్లు? తూచవచ్చును, తిన్న మేతను లెక్కింపవచ్చును, రక్తము తీయవచ్చును. కాని నొప్పిగాని నలతగాని కలిగినచో తరచుగా ముందు తగ్గునది దాని తిరుగుడు. అది రాత్రించరము, తిరుగవలసినది చీకటిలో. మనిషి లాంతరు పట్టుకొని వచ్చినచో అది బెదరును, ఒకమూల ముడుచుకొనును. అప్పుడు చూచువాడు వ్రాసికొనునది ఎలుక స్వభావమును కాదు, తన రాకవలన కలిగిన భయమును.

ఈ చిక్కును విప్పుటకు అమెరికాలో కర్ట్ రిక్టర్ అను పండితుడు బోనును రబ్బరు తిత్తులపై నిలిపి, ఎలుక కదలినపుడెల్ల గాలియొత్తిడిచే ఒక ములుకు పొగబారిన కాగితముపై గీత గీయునట్లు ఏర్పాటు చేసి, 1922లో తన పరిశీలనలను ప్రకటించెను. ఉపాయము చక్కనిదే. తరువాతి కాలమున ఆ పనికి పరారుణ నేత్రము వచ్చినది.

విలియం హెర్షెల్ 1800లో సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము నుంచి చూచుచు, ఎరుపునకు ఆవల, కంటి కేమియు కానరాని చోట వేడిమి హెచ్చుగా నుండుట కనుగొనెను. అవియే పరారుణ కిరణములు. ప్రాణియొడలి వేడిమి నిరంతరము ఈ రూపమున వెలికి ప్రసరించుచుండును. బ్యాంకు మెట్లపై మనిషి అడుగిడినంతనే తనంత వెలుగు దీపమును చూచియుందురు. అందలి గుట్టు ఇదియే. అందులో నొక స్ఫటికము కలదు. దానిపై పడు వేడిమి మారినపుడు మాత్రమే విద్యుత్తు పుట్టును. అట్టివి రెండు ఎదురుబొదురుగా కూర్చబడి యుండును గనుక గదియంతయు మెల్లగా వేడెక్కినచో ఒకదాని పద్దును మరియొకటి కొట్టివేయును. వెచ్చని ప్రాణి ఒకదాని యెదుటినుండి రెండవదాని యెదుటికి జరిగిననే సంకేతము వెలువడును. బోనుపై దీనిని అమర్చినచో ఏ నిమిషమున ఎన్ని కదలికలో కంప్యూటరు తెల్లవార్లు వ్రాసికొనును. వెలుగు లేదు, చప్పుడు లేదు, మనిషి వాసన లేదు. మరియొక పద్ధతిలో బోనున కడ్డముగా పరారుణ కిరణములనే దారములవలె ప్రసరింపజేసి, తెగినపుడెల్ల లెక్కింతురు. ఆ కిరణములు ఎలుక కంటికి కానరావు.

అయితే లెక్క చేతికి వచ్చినంతనే నిజము చేతికి వచ్చినదని తలపరాదు. అరణ్యపర్వమున ఋతుపర్ణుడు తాండ్రచెట్టును చూచినంతనే ఆకులను కాయలను లెక్కించి చెప్పగా, బాహుకుడు చెట్టును పడగొట్టి ఎంచి చూచినగాని నమ్మలేదు. ఆ బాహుకుని బుద్ధి ఇక్కడ అవసరము. నిద్రించు ఎలుకకును, చచ్చిన ఎలుకకును ఈ యంత్రము వ్రాయునది సున్నయే. ఒక బోనులో రెండున్నచో ఏది కదలినదో చెప్పజాలదు. ఉమ్మడి ఖాతాలో ఎవడు ఖర్చు పెట్టెనో తెలియనట్లే. ఒడలి వేడిమిని చూచు కన్ను గాజు వెనుక నుండి చూడజాలదు గనుక దానిని తీగమూతపై నిలుపవలెను. రోహిణికార్తెలో వలె గదివేడిమి ఒడలివేడిమికి సమీపించినచో రెంటికిని భేదము తరిగి లెక్క జారును.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. అచ్చటి ఎలుకల సంతతిలో 1990 దశకమున తమంత తామే మిక్కిలి లావెక్కు ఎలుకలు కొన్ని పుట్టినవి. వాటికి ఆకలి యెక్కువ, సంతానము కలుగదు. స్థూలకాయమును, మధుమేహమును అర్థము చేసికొనుటకు అవి పనికివచ్చుచున్నవి. అట్టి ఎలుక యెక్కువ తినుటవలననే లావెక్కినదా, తక్కువ తిరుగుటవలన కూడనా? మొదటి ప్రశ్నకు త్రాసు చాలును. రెండవదానికి రాత్రియంతయు రెప్పవాల్పని కన్ను కావలెను.

ఆదిపర్వములో మాండవ్యుని కథ కలదు. బాల్యమున పురుగులను గడ్డిపరకతో పొడిచిన ఫలముగా ఆ ముని శూలమున వ్రేలవలసివచ్చెను. శిక్ష మితిమీరినదని ఆయన యముని శపించెను గాని పద్దు తప్పని అనలేదు. ఈ దేశమున జంతుహింసా నివారణ చట్టము 1960లో వచ్చినది; ప్రయోగజంతువుల నిబంధనలు 1998లో వెలువడినవి. బాధను వీలైనంత తగ్గింపవలెనను నిబంధన కాగితముపై నుండుట వేరు, బాధపడుచున్నది నలువది బోనులలో ఏదో తెలియుట వేరు. ఎలుక మూలుగదు, పిలువదు. పగటివేళ అన్నియు ఒక్కతీరుననే ముడుచుకొని పడియుండును.

ప్రాతఃకాలమున పరిచారకుడు గదిలోనికి వచ్చును. యంత్రము వ్రాసిన వరుసలను చూచును. అన్ని బోనులలోను చీకటిపడినది మొదలు అంకెలు లేచి, తెల్లవారుజామున తగ్గినవి. ఒక్క బోనులో మాత్రము రాత్రి రెండుగంటలనుండి సున్నలే. అతడు మేతబుట్టను క్రిందనుంచి, ముందుగా ఆ బోను మూతయే తీయును.