తుర్కు నుంచి స్టాక్‌హోమ్‌కి పగటి ఓడలో

స్టాక్‌హోమ్‌లోనో హెల్సింకీలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లొచ్చే అమ్మానాన్నలు మనలో ఇప్పుడు తక్కువేం కాదు. ఫిన్లాండ్ నుంచి స్వీడన్‌కి ఓడ ఉందనగానే పిల్లలు రాత్రి ఓడకి టికెట్లు తీసేస్తారు. పడుకుని లేస్తే ఊరొస్తుంది, హోటలు ఖర్చూ కలిసొస్తుంది. లెక్క బాగానే ఉంది గానీ, చూడాల్సిన దారిలో సగానికి సగం నిద్రలోనే దాటిపోతుంది. నా మాట విని పగటి ఓడ ఎక్కండి.

ఆ ఓడ తుర్కులో బయల్దేరుతుంది. హెల్సింకీ నుంచి రైల్లో రెండు గంటల దూరం. ఓడ మామూలుగా పొద్దున తొమ్మిదిలోపే కదిలిపోతుంది కాబట్టి ముందురోజు రాత్రికే తుర్కు చేరుకోవడం మేలు. స్టాక్‌హోమ్ చేరేసరికి సాయంత్రం ఏడవుతుంది. ఫిన్లాండ్ గడియారం స్వీడన్ కంటే గంట ముందుంటుంది. టికెట్ మీద ఏ రేవు వేళ ఆ రేవుదే, దిగాక మిమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి ఆ సంగతి చెప్పండి.

రేవు దాటగానే దీవులు మొదలవుతాయి. నున్నగా గుండ్రంగా అరిగిన రాతి గుట్టలు, వాటి మీద పైన్ చెట్లు, చెట్ల మధ్య ఎర్ర రంగు చెక్క ఇల్లు, నీటి అంచున ఆవిరి స్నానాల గది, చిన్న పడవ. మంచు యుగంలో పేరుకున్న మంచు ఈ నేలని బరువుతో అణిచేసింది. అది కరిగిపోయాక నేల పైకి లేవడం మొదలై ఇప్పటికీ ఏటా కొన్ని మిల్లీమీటర్లు లేస్తూనే ఉంది. చిత్రమేమిటంటే, బయట ఇంత ఉండగా జనమంతా లోపల దుకాణంలో చాక్లెట్ల దగ్గరా సీసాల దగ్గరా ఉంటారు! దానికీ కారణముంది. మధ్యలో వచ్చే ఓలాండ్ దీవులు ఫిన్లాండ్‌వే అయినా, 1995లో ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరినప్పుడు పన్నుల పరిధిలోకి రాలేదు. అక్కడ ఆగి వెళ్లే ఓడల్లో సరుకు పన్ను లేకుండా అమ్మొచ్చు. మీరు మాత్రం పై డెక్కు మీదే ఉండండి. జూన్‌లో కూడా గాలి చలిగా కొడుతుంది. కారులో వెళ్తే కోటూ మందులూ ముందే పైకి తెచ్చుకోండి, ఓడ కదిలాక కార్ల అంతస్తుకి వెళ్లనివ్వరు.

తీరిక ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. ఫిన్లాండ్ తీరాన కుస్తవి దగ్గర చిన్న ఫెర్రీ ఎక్కి ఓలాండ్‌లోని బ్రెండో, కుమ్లింగే దీవుల మీదుగా వోర్డో చేరడం. అక్కడి నుంచి ఓలాండ్ రాజధాని మారియేహామ్న్‌కి బస్సు. దారిలో ఆ బస్సు, మన నర్సాపురం రేవులో లారీలు పంటు ఎక్కినట్టే, తీగ పట్టుకుని నడిచే ఫెర్రీ ఎక్కి పాయ దాటుతుంది. చివరికి ఎకెరో రేవు నుంచి రెండు గంటల్లో స్వీడన్‌లోని గ్రిస్లేహామ్న్. 1638లో మొదలైన తపాలా దారి ఇదే. ఒడ్డున ఉండే రైతులే తెరచాప పడవల్లో, చలికాలమైతే మంచు మీద పడవని ఈడ్చుకుంటూ ఉత్తరాలు చేరవేసేవారు. చాలామంది ఆ నీళ్లలోనే పోయారు. ఎకెరోలో 1828 నాటి తపాలా భవనం ఇప్పటికీ ఉంది, ఓ పల్లెటూరికి అంత పెద్ద మేడ ఎందుకా అనిపిస్తుంది. అప్పుడు ఓలాండ్ రష్యా చక్రవర్తిది, ఆ మేడ సామ్రాజ్యపు పడమటి గుమ్మం.

ఓలాండ్ వాళ్లు మాట్లాడేది స్వీడిష్. దీవులు ఫిన్లాండ్‌కే చెందాలని, భాషకి రక్షణ ఉండాలని 1921లో నానాజాతి సమితి తేల్చింది. వాళ్ల జెండా వేరు, తపాలా బిళ్లలు వేరు. అక్కడ పాన్‌కేక్ అడగండి. బొంబాయి రవ్వ, పాలు, ఏలకులు వేసి పొయ్యి లోపల కాలుస్తారు. గుడ్డు కూడా పడుతుంది, తినని వాళ్లు చూసుకోండి.

ఈ దారంతటికీ ఒక్క షెంగెన్ వీసా చాలు, పాస్‌పోర్టు మాత్రం దగ్గరుండాలి. చిన్న ఫెర్రీలు రోజుకి కొన్నే, ఒకటి తప్పితే ఆ రాత్రి ఆ దీవిలోనే. అందుకని బస ముందే మాట్లాడుకోండి. పెద్ద ఓడకైతే, డబ్బు కట్టే ముందు బయల్దేరే వేళ పొద్దుటిదో రాత్రిదో ఒకసారి సరిచూసుకోండి.